కప్పు గట్టిది

3 జూన్ 1974

యూనియన్ వాళ్ళిచ్చిన ఈ డైరీ జనవరి నుంచి అల్మారాలో ఊరికే పడి ఉంది. ఇవాళ కోపం ఎవరి మీద చూపించాలో తెలియక తెరిచాను. నా పెళ్ళాం గురువమ్మ మీద చూపిస్తే అన్నం చల్లారిపోయాక పెడుతుంది.

బంగారు గని టైం ఆఫీసు గోడకు లిస్టు అంటించారు. ఇక మీదట మేస్త్రి తన మనుషుల్ని తాను ఏరుకునే పద్ధతి లేదట. ఒకే ఊరివాళ్ళు, ఒకే భాషవాళ్ళు, ఒకే కులంవాళ్ళు ఒక గ్యాంగులో ఉండకూడదట, కలిపి వేస్తారట. పదకొండేళ్ళుగా నా గ్యాంగులో అందరూ నంగలి అవతలి మా తెలుగువాళ్ళే. ఒకడు దగ్గితే ఎందుకు దగ్గాడో ఇంకొకడికి తెలుసు. ఇప్పుడు వాళ్ళను పెళ్ళిలో తాంబూలం పంచినట్టు తలా ఒక గ్యాంగుకు పంచేశారు. నా అక్క కొడుకు జయరాంను కూడా.

గని షిఫ్టులు చూసే క్యాప్టన్ దగ్గరికి పోయి అడిగాను.

"సార్, ఎవురినైనా తీసుకోండి. జయరాం ఒక్కడిని నాకు వదలండి."

"వాడే ఎందుకప్పా?"

"వాడికి నా పని తెలుసు."

"కొత్తవాళ్ళూ నేర్చుకుంటారులే శ్రీరామప్పా. ఇంట్లోవాళ్ళంతా ఒక్కచోట ఉంటే ఒకరి తప్పు ఇంకొకరు దాస్తారు. తప్పు ఉండాదనేది మాకు తెలిసేది ఎప్పుడు? అంబులెన్స్ వచ్చినాకనా?"

నా గ్యాంగులో తప్పేమిటి? పదకొండేళ్ళలో ఒక్కడికి వేలు కూడా తెగలేదు. ఆ మాట గట్టిగానే అన్నాను. ఆయన ఏదో గొణిగి కాగితాల్లో తల పెట్టుకున్నాడు. ఈ ఆఫీసర్లు నోరు తెరిచి మాట్లాడటం మానేసి చాన్నాళ్ళయింది.

4 జూన్

కొత్త గ్యాంగు. ఐదుగురు.

కన్నియప్పన్ అని ఒక తమిళుడు. ఇరవై ఏళ్ళు డ్రిల్లింగ్ మిషన్ పట్టినవాడు. ఊపిరితిత్తులు పాడవుతున్నాయని, కప్పు కూలకుండా దూలాలు ఎక్కించే మా పనికి మార్చారు. మనిషి బాగా పొడుగ్గా ఉన్నాడు. బచ్చప్ప అని బంగారుపేట పక్క పల్లెవాడు. కన్నడంవాడు, ఇంటి దగ్గర ఆవులూ రాగి చేనూ ఉన్నాయట, రోజూ రైల్లో వస్తాడు. ఒక మలయాళీ వడ్రంగి, అందరూ ఆశారి అంటున్నారు. ఇంకో ఇద్దరి పేర్లు నా నోటికి రాలేదు.

అరవై ఎనిమిదో లెవెల్‌లో, మమ్మల్ని గనిలోకి దించే కేజ్ దిగగానే వాళ్ళకు నా పద్ధతి చెప్పాను. మొదటి దెబ్బ మేస్త్రిది. నేను గడ్డపారతో తల పైనున్న కప్పు రాయిని కొట్టి వింటాను. గట్టిరాయి ఖంగుమంటుంది. లోపల విడిపోయిన రాయి డొల్లగా మోగుతుంది. నేను 'గట్టిది' అనేదాకా ఒక్కడు కూడా దాని కిందికి పోకూడదు. అన్నాక ఒక్కడు కూడా నిలబడకూడదు. మా నాయన కాలం నుంచీ ఇదే.

కొట్టాను. గట్టిది అన్నాను. అందరూ కదిలారు, కన్నియప్పన్ తప్ప. అతను ఎడమ అరచేయి రాయికి ఆనించి, కుడిచేత్తో సుత్తి పట్టుకుని టక్ టక్ కొడుతున్నాడు.

"ఏమప్పా, రాయికి జరం చూస్తాండావా?" అన్నాను. అందరూ నవ్వారు.

అతనూ నవ్వాడు. "మిషన్ పట్టి పట్టి కుడిచెవి పోయింది మేస్త్రీ. డాక్టరు దగ్గిర కూడా చెప్పినా. అందుకే చెయ్యి పెడతా. రాయి లోపల విడిపోతే చేతికి జివ్వుమంటాది."

అందరి ముందూ, కొత్త మేస్త్రి ముందు, సిగ్గూ ఎగ్గూ లేకుండా చెప్పాడు. చెవి పోయిందని ఎవడైనా చాటుకుంటాడా?

కప్పు గట్టిది.

5 జూన్

కప్పు గట్టిది. మూడు దూలాలు ఎక్కించాం.

6 జూన్

కప్పు గట్టిది.

9 జూన్, ఆదివారం

జయరాం వచ్చాడు. గురువమ్మ కోడికూర వండింది. వాడు సరిగ్గా తినలేదు.

"మామా, నీ గ్యాంగులో కప్పు ఎవురు చూస్తాండారు?"

"ఎవురు చూస్తారురా? నేనే."

"నువ్వు చూసినాక ఇంగెవురైనా చూస్తాండారా?"

"ఆ అరవంవాడొకడు చెయ్యి పెట్టి నాడి పట్టి చూస్తాడు. వాడి తృప్తి వాడిది."

జయరాం చేతిలోని ముద్ద తిరిగి పళ్ళెంలో పెట్టేశాడు. వాడు మొదటి నుంచీ పిరికివాడు. నేను గట్టిది అని నోరు తెరవబోయే లోపలే 'మామా, ఆ మూల ఇంకోసారి చూద్దామా' అనేవాడు. సరే అని గడ్డపారలు వేయిస్తే రాయి ఊడిపడేది. పిరికివాళ్ళకు కొన్నిసార్లు అదృష్టం కలిసొస్తుంది.

రేడియో సంగతిలో గురువమ్మతో గొడవ. పక్కింటివాళ్ళు తలుపు కొట్టి మరీ చెప్పారట, ఇంత గట్టిగా పెట్టొద్దని. నాకైతే మామూలుగానే ఉంది. పైగా ఈ మధ్య షిఫ్టు సైరన్ కూత కూడా సరిగ్గా వేయడం లేదు. అడిగితే గురువమ్మ నా ముఖంలోకి వింతగా చూసింది.

12 జూన్

కప్పు గట్టిది. ఐదు దూలాలు! మా వాళ్ళతో ఎప్పుడూ నాలుగు దాటలేదు.

ఉన్నమాట రాయాలి, ఇది ఎవరూ చదివేది కాదు కదా. ఆశారి చీలలు చెక్కే తీరు నేను ఎక్కడా చూడలేదు. ఒక్క దెబ్బకు దూలం కరుచుకుంటుంది. బచ్చప్ప బావులు తవ్విన ఇంటివాడు, గోడ చెమ్మ చూసి 'ఇక్కడ గుంజ నిలపొద్దు మేస్త్రీ, కింద మట్టి మెత్తగుండాది' అన్నాడు. తవ్వితే నిజమే. కన్నియప్పన్‌కు ఏ రాయి ఎటు చీలుతుందో ఒళ్ళంతా తెలుసు.

అన్నాల దగ్గర ఐదుగురూ గుండ్రంగా కూర్చుంటారు. బచ్చప్ప రాగిముద్ద, కన్నియప్పన్ చేపల పులుసు, అన్నీ కలగలుపు. నన్నూ పిలిచారు. నేను నా క్యారియర్, నా నీళ్ళ డబ్బా తీసుకుని దూరంగా దుంగ మీద కూర్చున్నాను. మా ఇళ్ళలో ఆ అలవాటు లేదు. వాళ్ళు ఏదో చెప్పుకుని నవ్వారు. నన్ను గురించేనేమో. ఒక్క ముక్క వినబడదు, నోట్లో నోట్లో మాట్లాడతారు.

15 జూన్

నెలాఖరుకు మేస్త్రీలందరికీ చెవుల పరీక్ష అని నోటీసు. కప్పు చూసే మేస్త్రికి వినికిడి ఉండి తీరాలట. లేకపోతే పైన దుంగల యార్డుకు పంపుతారట. ఇంకా మూడేళ్ళ సర్వీసు ఉంది నాకు. మేస్త్రిగానే పనిలోంచి దిగిపోవాలని ఉంది. మా నాయన అట్లాగే దిగిపోయాడు. దుంగల యార్డులో వరసలు లెక్కపెట్టుకుంటూ కూర్చోవడమా?

కప్పు గట్టిది.

16 జూన్

గురువమ్మ చేతి గడియారం ఎడమ చెవి దగ్గర పెట్టుకుని చూశాను. ఆగిపోయిందనుకున్నాను. ఆగలేదు.

17 జూన్

కప్పు గట్టిది.

19 జూన్

అక్షరాలు కుదరడం లేదు. వయసు వల్ల కాదు, మంటతో.

కొత్త చోటు. పోయిన వారం మందు పేల్చిన చోట దూలాలు ఎక్కించాలి. మొదటి దెబ్బ కొట్టాను. రెండు మూడు చోట్ల కొట్టాను. గట్టిది అన్నాను.

కన్నియప్పన్ ఎప్పటిలాగే చెయ్యి పెట్టాడు. సుత్తితో కొట్టాడు. మళ్ళీ కొట్టాడు. వెనక్కి వచ్చి రెండు చేతులూ అడ్డం చాపాడు.

"వద్దు మేస్త్రీ. ఇది లోపల పొల్లు, విడిపోయి ఉండాది."

"నేను గట్టిది అన్నాను."

"అన్నావు. అయినా ఇది పొల్లు. నేను పోను, ఎవురినీ పోనీయను."

"మేస్త్రి ఎవడురా ఇక్కడ? నువ్వా నేనా?"

"నువ్వే సామీ. నీ మాటకు ఎదురు చెప్పాలని నాకేమన్నా ఆశా? రాయి చెప్తా ఉండాది, నేనేం చేసేది?"

బచ్చప్ప మెల్లగా అన్నాడు, లేదా గట్టిగానే అన్నాడేమో, నేను వాడి పెదాలు చూసి పట్టుకున్నాను. "బేడ మేస్త్రీ, వద్దు. నాకూ ఆ సద్దు బాగా లేదు."

ఐదుగురూ నిలబడిపోయారు. పదకొండేళ్ళలో నా నోటి నుంచి గట్టిది అనే మాట వచ్చాక ఒక్క మనిషి నిలబడలేదు. నేను కన్నియప్పన్ భుజం పట్టి నెట్టాను. అతను కదల్లేదు. తిరిగి నన్ను నెట్టనూ లేదు. ఊరికే నిలబడ్డాడు.

పైకి వచ్చి రిపోర్టు రాశాను. ఆర్డరు ధిక్కరించాడు, మిగతావాళ్ళను రెచ్చగొట్టాడు, మేస్త్రిని అవమానించాడు. కన్నియప్పన్‌ను ఇంట్లో కూర్చోమన్నారు. సోమవారం విచారణ. తప్పు రుజువైతే పని పోతుంది.

నేను చెవి ఒగ్గి విన్నాను. ఖంగుమంది. విన్నాను.

20 జూన్

ఇది రాయకూడదనుకున్నాను.

షిఫ్టు మొదట్లో మిగిలిన నలుగురినీ వెనక నిలబెట్టి అక్కడికి ఒక్కడినే పోయాను. అటూ ఇటూ చూసి ఎడమ అరచేయి రాయికి ఆనించాను. వాడిలాగే. కుడిచేత్తో కొట్టాను.

చేతికి జివ్వుమంది. తంబుర మీద చెయ్యి పెట్టినట్టు మోచేతిదాకా పాకింది.

మళ్ళీ కొట్టాను, చెయ్యి తీసేసి, చెవి పెట్టి. నా చెవికి ఏమీ తేడా లేదు. గట్టిరాయి, డొల్లరాయి, రెండూ ఒకటే చప్పుడు. ఎన్నాళ్ళ నుంచి ఒకటే?

దూరంగా నిలబడి పొడవాటి గడ్డపారలతో పెళ్ళగించమన్నాను. పది నిమిషాలకు ఊడింది. ఎద్దులబండిలో సగం ఉంటుంది. దుమ్ము తగ్గాక చూస్తే నిన్న కన్నియప్పన్‌ను ఎక్కడికి నెట్టబోయానో సరిగ్గా అక్కడ పడి ఉంది.

క్యాప్టన్‌కు చెప్పాను, నిన్న గట్టిగానే ఉంది సార్, రాత్రి కదిలినట్టుంది అని. ఈ గనుల్లో రాయి కదులుతుంది, అది అందరికీ తెలిసిందే. ఆయన నమ్మాడు. బుక్కులో అదే రాశాను. బచ్చప్ప పక్కనే ఉన్నాడు. వాడు తువ్వాలుతో మెడ తుడుచుకుంటూ నన్ను చూసిన చూపు ఇంకా కళ్ళ ముందు ఉంది.

రాత్రి కదిలి ఉండవచ్చు. కదలకూడదని ఏముంది?

21 జూన్

కొత్త చోటుకు పోలేదు. పాత చోట పని ఇచ్చాను. అందరూ పోయాక చెయ్యి పెట్టి చూశాను. గట్టిది.

22 జూన్

కొళాయి దగ్గర గురువమ్మకు కన్నియప్పన్ పెళ్ళాం తాయమ్మ కనబడిందట. తిడుతుందేమో అనుకుందట గురువమ్మ. తిట్టలేదట. మా ఆయన రెండు రోజులుగా ఇంటి ముందు కూర్చుని, బాగున్న కోళ్ళగూడునే విప్పి మళ్ళీ కడుతున్నాడక్కా అని చెప్పి, గురువమ్మ బిందె తలకెత్తి పంపిందట.

"నువ్వు తప్పు రాసినావా?" అని గురువమ్మ అడిగింది. ఆ మాట మాత్రం నాకు బాగా వినబడింది. బజారుకు పోవాలని లేచాను.

23 జూన్, ఆదివారం

జయరాంను నేనే పిలిపించాను. గురువమ్మను గుడికి పంపాను. తలుపు మూసి అడిగాను.

"జయరాం, నువ్వు కప్పు మూలలు ఎందుకు మళ్ళీ చూడమనేవాడివి?"

వాడు నేల చూశాడు. "ఊరికే మామా."

"ఊరికే కాదు. చెప్పు."

"ఇంగ ఏం చెప్పాల? నీకు ఇనబడదు మామా. మూడేండ్లాయ. డొల్లగా మోగినాక కూడా గట్టిది అనబోయేవాడివి. ముందుగానే నేను నోరు తెరిచేవాడిని."

"గ్యాంగులో అందరికీ తెలుసా?"

"అందురికీ తెలుసు."

"ఒక్కడైనా నాకు చెప్పినాడా?"

"ఎట్ల చెప్పేది? నువ్వు మామవు. నీ చెయ్యి పట్టుకుని పనిలోకి వచ్చినోళ్ళం. నీ మేస్త్రి పని పోతే మా మొగాలకు ఏం గౌరవం?" వాడు ఏడ్చాడు. ఇరవై ఎనిమిదేళ్ళవాడు, ఇద్దరు పిల్లల తండ్రి. "నన్ను మార్చినప్పటి నుంచి నాకు నిద్దర లేదు మామా. ప్రమాదం కూత కూసినప్పుడల్లా నీ లెవెలేనేమో అనుకుంటాను."

మూడేళ్ళు. దినానికి రెండు మూడు సార్లు. వాడికి జలుబు చేసి రాని రోజు ఒక్కటి ఉన్నా చాలు కదా? ఆ రోజు ఎవరు చచ్చేవాళ్ళు? మా అక్కకు నేను ఏమని చెప్పేవాడిని?

వాడు పిరికివాడు కాదు. నేనే.

నా రక్తసంబంధం నా పరువు చూసుకుంది. ఎవరి చేతి నీళ్ళు నేను ముట్టనో ఆ మనిషి నా ఎదురుగా నిలబడి చేతులు చాపాడు. రాయడానికి సిగ్గుగా ఉంది. రాశాను.

24 జూన్, సోమవారం

పైన ఆఫీసులో విచారణ. పెద్ద ఆఫీసరు బల్ల వెనక, పక్కన క్యాప్టన్, ఒక గుమాస్తా. కన్నియప్పన్ ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. నేను అతని పక్కన నిలబడ్డాను. పైన ఫ్యాను తిరుగుతోంది.

రాత్రంతా ఏం చెప్పాలో అనుకుని పెట్టుకున్నాను. రిపోర్టు వెనక్కి తీసుకుంటాను, కోపంలో రాశాను, క్షమించండి. అంతే. చెవి మాట ఎత్తనవసరం లేదు. అతని పని నిలబడుతుంది, నాదీ నిలబడుతుంది. అదే చెప్పాలని పోయాను. అబద్ధం ఎందుకు?

ఆఫీసరు కాగితం చూస్తూ, తల ఎత్తకుండా ఏదో అడిగాడు. పెదాలు కనబడలేదు. నేను నిలబడ్డాను. మళ్ళీ అడిగినట్టున్నాడు. అందరూ నా వైపు చూస్తున్నారు. ఫ్యాను చప్పుడు తప్ప నాకేమీ లేదు.

అప్పుడు కన్నియప్పన్ నా వైపు పూర్తిగా తిరిగాడు. నా ముఖానికి ఎదురుగా నిలబడి, పసిపిల్లవాడికి చెప్పినట్టు ఒక్కో మాట విడదీసి చెప్పాడు.

"మేస్త్రీ. అయ్యగారు అడుగుతా ఉండారు. ఆ రోజు నువ్వు కొట్టినప్పుడు రాయి ఎట్ల మోగింది?"

నేను ఎవరి పని తీయించడానికి రాశానో అతను. మొదటి రోజు నుంచీ అతనికి తెలుసని అప్పుడు అర్థమైంది. తెలిసే రోజూ నా వెనక చెయ్యి పెట్టాడు.

"తెలీదు సార్," అన్నాను. "నాకు ఇనబడదు. ఇప్పుడు మీరు అడిగింది ఇనబడలేదు, ఆ రోజు రాయి మోగిందీ ఇనబడలేదు. ఇనబడినట్టు రిపోర్టు రాసినాను. రాత్రి కదిలిందని బుక్కులో రాసిందీ అబద్ధమే. ఈ మనిషి ఆపకపోయింటే ఐదుగురు పోయేవాళ్ళు. నేను వెనకే నిలబడి ఉండేవాడిని."

గుమాస్తా రాయడం ఆపి క్యాప్టన్ వైపు చూశాడు. ఆఫీసరు తల ఎత్తాడు.

బయటికి వచ్చాక మెట్ల మీద కూర్చున్నాను. కన్నియప్పన్ కూడా కూర్చున్నాడు. బీడీ ఇచ్చాడు. ముట్టించుకున్నాను.

"ముందే ఎందుకు చెప్పలేదప్పా?" అన్నాను.

"నువ్వు డాక్టరుకు చెప్పాల్సింది నేను చెప్తే బాగుంటాదా? రాయి సంగతి మాత్రం నేను ఊరుకోను. అది వేరే."

29 జూన్

చెవుల పరీక్ష. ఎడమది పూర్తిగా పోయింది. కుడిది సగం. జులై ఎనిమిది నుంచి దుంగల యార్డు. అబద్ధం రాసినందుకు హెచ్చరిక కాగితం కూడా ఇచ్చారు. తక్కువే ఇచ్చారు.

కన్నియప్పన్ పనిలోకి వచ్చాడు. నేను పోయాక మా గ్యాంగులో కప్పు ఇద్దరు చూడాలని క్యాప్టన్ ఆర్డరు వేశాడు. చెవితో బచ్చప్ప, చేత్తో కన్నియప్పన్. ఇద్దరూ ఒప్పుకుంటేనే లోపలికి. మిగతా గ్యాంగుల్లోనూ అట్లాగే పెడతారట, నేర్పడానికి కన్నియప్పన్‌ను పంపుతారట. ఆ సంగతి గురువమ్మకు రెండుసార్లు చెప్పాను. నాది ఏడుపో సంతోషమో తెలియలేదు.

జయరాం మొన్న మధ్యాహ్నం మా ఇంట్లో పడుకుని సాయంత్రందాకా లేవలేదు.

6 జులై

లోపల ఆఖరి షిఫ్టు.

మొదటి దెబ్బ నన్నే కొట్టమన్నారు. కొట్టాను. కన్నియప్పన్ చెయ్యి పెట్టాడు. బచ్చప్ప చెవి ఒగ్గాడు. నేనూ కన్నియప్పన్ చెయ్యి పక్కన నా చెయ్యి పెట్టాను. రాయి వేడిగా ఉంది. కదల్లేదు. ఇద్దరూ నా వైపు తిరిగి, నాకు కనబడేటట్టు తలలు ఊపారు.

కప్పు గట్టిది.

అన్నాలప్పుడు దుంగ మీద కూర్చోలేదు. చేపల పులుసు తిన్నాను. కారం మండిపోయింది. నా డబ్బా దూరంగా ఉండింది, కన్నియప్పన్ తన నీళ్ళు అందించాడు, తాగాను. వాళ్ళు ఏదో చెప్పుకుని నవ్వారు. ఏమన్నారని అడిగాను. మళ్ళీ చెప్పారు. నన్ను గురించి కాదు, బచ్చప్ప ఆవు రైలుపట్టాల మీద పడుకుని బండిని ఆపేసిన సంగతి.

ఏమన్నావు, మళ్ళీ చెప్పు అని ఈ రోజు పద్నాలుగు సార్లు అడిగాను. మూడేళ్ళలో ఒక్కసారి కూడా అడగలేదు. పద్నాలుగు సార్లూ చెప్పారు.